రంగు గిన్నె నీళ్లు

ముందుగా నాకు ఖాయంగా తెలిసినవి చెబుతాను. నా బల్ల సొరుగులో రెండు నీటి నివేదికలు ఉన్నాయి. రెండూ ఒకే ప్రయోగశాల ఇచ్చినవి. మొదటిదాంట్లో మొత్తం కఠినత్వం లీటరుకు నూట నలభై మిల్లీగ్రాములు. రెండోదాంట్లో ఐదు వందల తొంభై. నమూనా వివరం రాయవలసిన గడిలో రెండింటి మీదా ఒకే మాట ఉంది: రంగు గిన్నె నీళ్లు. ఆ మాటను రెండుసార్లూ సీసా మీద రాసింది నేనే.

ఇక విన్నవి. పటిక తిప్పితే నీళ్ల గట్టితనం పోతుందని ఉప్పుగూడలో మా గల్లీవాళ్లు అంటారు. పటికతో బురద కిందికి దిగుతుంది; నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం ఎక్కడికీ పోదు. మరగబెడితే ఎలాంటి నీళ్లయినా మెత్తబడతాయంటారు. అది కొంతవరకే నిజం. బోరు నీళ్లన్నిటినీ ఉప్పు నీళ్లంటారు; నాలుకకు ఉప్పగా తగలకపోయినా కఠినమైన నీళ్లు ఉంటాయి. వీటితో పాటు ఆ ఏడాది ఇంకొక మాట కూడా గల్లీలో తిరిగింది. మా ఎదురింటి అక్కకు వయసు మీద పడిందని, చెయ్యి తప్పుతోందని. అది కూడా వినికిడే. కానీ దానికి రుజువులాంటి కాగితాన్ని సంపాదించి పెట్టింది నేను.

అక్క నాకు తోడబుట్టినది కాదు. నా చిన్నప్పటి నుంచి ఎదురింట్లో ఉంది కనుక అక్క. ఆమె పని దుపట్టాలకు రంగు వేయడం. చార్మినార్ దగ్గర బట్టల గల్లీలో ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంది. కొనేవాళ్లు కుర్తా గుడ్డ ముక్క ఇచ్చి, దానికి సరిపోయే రంగు దుపట్టా కావాలంటారు. ఆ ముక్కనూ తెల్ల దుపట్టానూ కలిపి చుట్టి దుకాణం సేఠ్ అక్కకు ఇస్తాడు. ఆమె ఇంటి వెనక రేకుల కింద పొయ్యి మీద అల్యూమినియం గిన్నెలో నీళ్లు కాచి, చిటికెలతో రంగులు కలిపి, తడి ముక్కను ఆరిన ముక్క పక్కన పెట్టి చూసుకుని ముంచుతుంది. ఏ రంగు ఎంత వేయాలో ఎక్కడా రాసి ఉండదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఇల్లు ఆ చిటికెల మీదే నడిచింది.

ఆ ఎండాకాలం ఒక పెళ్లివారి దుపట్టా పాడైంది. ఉల్లిపొర రంగు. అంత లేతరంగులో ఏ మచ్చ పడినా దాగదు. దాని మీద సూదిమొనంత చుక్కలు, అక్కడక్కడా మబ్బు పట్టినట్టు మసక. తరువాత ఇంకో రెండు అలాగే వచ్చాయి. సేఠ్ వాటిని తిప్పి పంపాడు. పెళ్లిళ్ల కాలం మొదలయ్యేలోపు ఈ సంగతి తేలకపోతే పనంతా యాకుత్‌పురా వైపు ఇంకొకరికి ఇస్తానన్నాడు.

"నీళ్లు మారినయి చెల్లె," అన్నది అక్క నా దగ్గరికి వచ్చి. "సబ్బు నురగ పడ్తలేదు. చెయ్యి పెడితె బరబర అంటున్నది. గీ మాట సేఠ్‌కు చెప్తె నవ్వుతుండు. నువ్వు కాలేజిల గివే కదా చెప్పేది. జర చూడు."

నేను డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. ఎవరైనా చేతికి తెలుస్తుందంటే ముందు అనుమానించడం నా అలవాటు. "అంకెలు రానియ్ అక్కా. అప్పటిదాక నీళ్లని అనొద్దు, చెయ్యని అనొద్దు," అన్నాను. కాలేజీ ప్రయోగశాలలో నేనే పరీక్షించవచ్చు. అయితే ఎదురింటి మనిషిని కనుక సేఠ్ నా లెక్కను నమ్మడు. అందుకని బయటి ప్రయోగశాలకు పంపడమే మేలనుకున్నాను. ఆ జాగ్రత్త వరకు సరైనదే.

మరునాడు పొద్దున కాలేజీకి వెళ్తూ, కడిగి ఆరబెట్టిన సీసా పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. అక్క దుకాణానికి వెళ్లింది. కోడలు ఉంది. "అత్త వాడే నీళ్లు దీంట్ల నింపి పెట్టు, సాయంత్రం తీస్కపోత," అని చెప్పి ఆటో ఎక్కాను. సాయంత్రం సీసా నిండుగా, మూత బిగించి, పైన తడి కూడా తుడిచి సిద్ధంగా ఉంది. దాని మీద కాగితం అంటించి రంగు గిన్నె నీళ్లు అని రాశాను. నీళ్లను తీసినవారే చీటీ రాయాలని ప్రతి ఏడాదీ పిల్లలకు చెప్పే మాట ఆ సాయంత్రం నాకు గుర్తుకు రాలేదు.

వారం తరువాత నివేదిక వచ్చింది. కాల్షియం ముప్పై ఆరు, మెగ్నీషియం పన్నెండు, మొత్తం కఠినత్వం నూట నలభై. అక్కనూ వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాను. సేఠ్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి కాగితం చూశాడు.

"ముప్పై ఆరుల పన్నెండు కలిపితె నలబై ఎనిమిది అయితది మేడం. గీ నూట నలబై యాడికెల్లి వచ్చింది? హిసాబే గల్లత్ ఉన్నది."

"సేఠ్, మీ దగ్గర ఒక తాను గజాల్ల ఉండి ఇంకో తాను మీటర్లల్ల ఉంటె ఊకనె కూడుతరా?"

"పాగలా ఏంది నేను? ముందుగాల అన్ని మీటర్లు చేస్త."

"గిది గూడ గంతే."

కాగితం వెనకవైపు రాసి చూపించాను. కఠినత్వాన్ని కాల్షియం కార్బొనేట్ అనే ఒకే కొలతలోకి మార్చి చెబుతారు. కాల్షియం అంకెను రెండున్నరతో, మెగ్నీషియం అంకెను నాలుగు పాయింట్ ఒకటితో హెచ్చించాలి. ముప్పై ఆరు రెండున్నరలు తొంభై. పన్నెండు నాలుగు పాయింట్ ఒకట్లు సుమారు నలభై తొమ్మిది. కలిపితే నూట ముప్పై తొమ్మిది. నివేదికలో నూట నలభై. మెగ్నీషియం అంకె చిన్నదిగా కనిపించినా, దాని పరమాణువు తేలిక కనుక, గ్రాముకు గ్రాము లెక్కన సబ్బును ఎక్కువగా చెడగొట్టేది అదే.

సేఠ్ తల ఊపాడు. "హిసాబ్ బరాబరే. మరి గీ నీళ్లు మంచియా, చెడ్డయా?"

"తాగునీటి ప్రమాణంలో రెండు వందల దాకా మంచిదే. ఇది దాని లోపలే ఉంది. ఇంత కఠినత్వానికి గట్ల చుక్కలు పడయి," అన్నాను.

అక్క పక్కనే నిలబడి ఉంది. సేఠ్ కాగితం మడిచి నాకు ఇచ్చి, ఆమె వైపు తిరిగి, మెత్తగానే అన్నాడు: "అమ్మా, నీళ్లది తప్పు లేదంట. జర కండ్లు చూపిచ్చుకో." ఆ రోజు ఆమె చేతికి కొత్త మూట రాలేదు. ఇంటికి వచ్చే దారిలో ఆటోలో నేను ఇంక మాట్లాడవలసినదేమీ లేదనుకున్నాను. అంకెలు వచ్చాయి, లెక్క కలిసింది.

మూడు వారాల తరువాత ఒక ఆదివారం ఆమె ఇంటికి వెళ్లాను. రేకుల కింద పొయ్యి చల్లగా ఉంది. గిన్నె బోర్లించి ఉంది. ఎత్తి చూస్తే లోపల గోడకు తెల్లని పొర కట్టి ఉంది, గోరుతో గీకినా ఊడలేదు. నిమ్మచెక్క పిండితే సన్నగా బుస్సుమని పొంగింది. అది సున్నపు పొరే. అయినా అది రుజువు కాదు. నూట నలభై ఉన్న నీళ్లు కూడా, ఏళ్ల తరబడి మరిగిస్తే, పొర కడతాయి. ఆ మాటే అక్కకు చెప్పాను.

"నువ్వు దేన్నిగూడ నమ్మవు," అన్నది. కోపంగా కాదు. "పొయ్యిని గూడ అడుగుతవేమో, మండుతున్నవా అని."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, నగరానికి సరఫరా చేసే నల్లా నీళ్ల నాణ్యత నివేదికను వెతికి చదివాను. అందరికీ అందుబాటులో ఉండే కాగితమే. కాల్షియం, మెగ్నీషియం, కఠినత్వం, ఒక్కొక్క గడీ చూస్తూ వచ్చాను. అక్క ఇంటి నీళ్ల అంకెలకూ వీటికీ దాదాపు తేడా లేదు. మామూలుగా అయితే రెండు కాగితాలు ఒకే మాట చెబితే నాకు నిశ్చింతగా ఉంటుంది. ఆ రోజు మాత్రం అదే అనుమానం పుట్టించింది. మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ ఇంట్లో తాగడానికి బిందెలు నింపుకున్నాక మిగిలినది సంపులోకి వదులుతారు. సంపు నిండకపోతే బోరు మోటారు వేస్తారు. రంగు గిన్నెకు నీళ్లు వెళ్లేది సంపు నుంచి. బోరు కలిసిన నీళ్లు అచ్చం నల్లా నీళ్ల అంకెలు చూపించాయంటే, ఒకటి, బోరు కూడా మెత్తగా ఉండాలి. లేదా సీసాలో ఉన్నవి సంపు నీళ్లు కాకూడదు.

మరునాడు పొద్దున్నే కోడలిని అడిగాను. ఆమె వాకిట్లో గిన్నెలు తోముతోంది.

"నాడు సీసాల ఏ నీళ్లు పోసినవ్ బిడ్డా?"

"మంచి నీళ్లే పోసిన చిన్నత్తా."

"మంచి నీళ్లంటె?"

"బిందెలయి. పొద్దుగాల నల్లా వచ్చినప్పుడు పట్టినయి. కొత్త గుడ్డ కట్టి వడగట్టి పోసిన. ఒక్క నలుసు లేకుండె!"

"అత్త రంగుకు వాడే నీళ్లు కదా నేను అడిగింది?"

"అయ్యో, సంపు నీళ్లు ల్యాబుకు పంపుతరా?" ఆమె నిజంగానే విస్తుపోయింది. "గంత పెద్ద చదువులోళ్లు చూస్తరు. మా ఇంటి పేరు రాసి ఉంటది దాని మీద. గా నీళ్లు చూసి ఏమనుకుంటరు? నువ్వు వచ్చినా గ్లాసుల సంపు నీళ్లు ఇస్తమా చిన్నత్తా?"

ఇవ్వరు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఇవ్వలేదు. బయటి మనిషి నీళ్లు అడిగితే ఇంట్లో ఉన్నవాటిలో మంచివి ఇవ్వడమే వాళ్లకు తెలుసు. నేను సీసా చేతికి ఇచ్చి నీళ్లు అడిగాను, ఆమె తన ఇంటి మర్యాదను నింపి ఇచ్చింది. దాన్ని తాను రంగు గిన్నె నీళ్లని ఎక్కడా అనలేదు. ఆ మాట నాది. చూడనిదాన్ని చూసినట్టు సీసా మీద రాశాను. మూడు వారాలుగా అక్క పొయ్యి ఆ చీటీ వల్లే ఆరిపోయి ఉంది.

అక్కకు అదే రోజు చెప్పాను. ఆమె కోడలి వైపు, తరువాత నా వైపు చూసింది. "దానికి ఎర్క లేదు. నీకు ఎర్కే కదా," అన్నది.

రెండో సీసా నేనే నింపాను. రంగు గిన్నె పక్కన సంపు నీళ్లు వచ్చే కొళాయిని కాసేపు వదిలి, సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిపి, నింపి, అక్కడే నిలబడి చీటీ రాశాను. ఇంకో సీసా కాలేజీకి పట్టుకెళ్లి నేనూ కొలిచాను. కఠినత్వం కొలిచే పద్ధతి రంగు మారడం మీద ఆధారపడి ఉంటుంది. నీళ్లలో ఒక సూచిక వేస్తే ద్రాక్షరసంలా ఎర్రగా మారతాయి. పైనుంచి మందును చుక్క చుక్కగా వదులుతూ పోతే, కాల్షియం, మెగ్నీషియం అంతా దానికి పట్టుబడ్డ క్షణంలో నీలం అవుతాయి. ఎన్ని చుక్కలు పట్టాయన్నదే లెక్క. ఈ మాట చెబితే అక్క మొదటిసారి ఆసక్తిగా ముందుకు వంగింది.

"ఏం నీలం? నెమలి మెడ నీలమా, ఆకాశం నీలమా?"

"ఆకాశం కన్నా కొంచెం ముదురు."

"గది అయ్యిందని నీకెట్ల ఎర్క? మధ్యల ఊదా రంగు వస్తది కదా."

వస్తుంది. ఎరుపుకూ నీలానికీ నడుమ ఊదా ఛాయ కొన్ని చుక్కల పాటు ఉంటుంది. అది పూర్తిగా పోయిందో లేదో కంటితోనే తేల్చుకోవాలి. చెప్పాను.

"అంటె నీది గూడ చేతి పనే," అన్నది అక్క.

నాకు వచ్చిన అంకె, ప్రయోగశాల అంకె దగ్గరగానే ఉన్నాయి. వాళ్లది కాల్షియం నూట ఇరవై ఎనిమిది, మెగ్నీషియం అరవై ఆరు, మొత్తం ఐదు వందల తొంభై. హెచ్చించి కలిపాను. సరిపోయింది. రెండు నివేదికలూ తీసుకుని దుకాణానికి వెళ్లి, మొదటి నమూనా తప్పని, ఆ తప్పు నాదని సేఠ్‌కు చెప్పాను. ఆయన రెండోదాన్ని చివరి వరుస దాకా వేలు పెట్టి చదివాడు.

"మేడం, దీంట్ల గూడ లిమిట్ల ఉన్నదనే రాసిండ్రు. ఆరు వందల లోపల. మళ్ల ఏంది లొల్లి?"

"ఆ లిమిట్ తాగెటోళ్లకు సేఠ్. వేరే నీళ్లు దొరకనప్పుడు ఆరు వందల దాక తాగొచ్చని. రంగు కోసం రాసింది కాదు."

"నాడు నూట నలబై మంచిదన్నరు. నేడు ఐదు వందల తొంబై చెడ్డదంటున్నరు. రెండుసార్లు మీ మాటే. ఏది వినాలె నేను?"

న్యాయమైన ప్రశ్న. నా మాట మీద వినవద్దని చెప్పాను. ఒక తెల్ల దుపట్టాను రెండు ముక్కలు చేద్దాం, రంగు పొడిని కాలేజీ తరాజులో సమంగా తూచి రెండు పొట్లాలు కడదాం, ఒకటి బిందె నీళ్లలో, ఒకటి సంపు నీళ్లలో, అదే గిన్నెలో, అంతే సేపు. ఏ ముక్క ఏ నీళ్లదో సేఠ్‌కు చెప్పం. మూలన లోపలి మడతలో నేను గుర్తు కుడతాను. ఆయన చూసి బాగున్నది ఏరాలి. ఆయనకు ఈ ఏర్పాటు నచ్చింది. "రంగు ఉల్లిపొరే ఉండాలె," అని మాత్రం పట్టుబట్టాడు.

ఆ ఆదివారం అక్క గిన్నెను పులుపు పెట్టి రుద్ది తళతళలాడించింది. బకెట్లు నేను నింపి, ఏది ఏదో ఆమెకు చెప్పలేదు. ఆమె నవ్వింది. "చెప్పకుంటె ఏంది? చెయ్యి పెడితె తెలుస్తది." అయితే తేల్చుకుందామని, ఆమె వెనక్కి తిరిగి ఉండగా మూడుసార్లు మగ్గులో ఏదో ఒక నీళ్లు పోసి ఇచ్చాను. వేళ్ల నడుమ సబ్బు రాసుకుని మూడుసార్లూ సరిగ్గా చెప్పింది. ఊరికే ఊహించినా మూడూ కుదిరే అవకాశం ఎనిమిదింట ఒకటి ఉంటుంది కనుక ఇంకో ఐదుసార్లు చేద్దామన్నాను. "నీళ్లు సల్లారుతున్నయి, పక్కకు జరుగు," అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

రెండు ముక్కలూ నీడలో ఆరాయి. సోమవారం అక్కా నేనూ వాటిని దుకాణానికి పట్టుకెళ్లాం. సేఠ్ వాటిని గల్లా బల్ల మీద కాక, దుకాణం బయట మెట్టు మీదికి తెచ్చి వెలుగులో పట్టుకుని చూశాడు. అంతసేపు చూడవలసిన అవసరం లేదు. ఒకటి ఉల్లిపొరే. రెండోదాని మీద మబ్బు, సూదిమొన చుక్కలు. మంచిదాన్ని ఏరి మడత విప్పి నాకు చూపించాడు. బిందె నీళ్ల గుర్తు. కారణం కొత్తదేమీ కాదు. నేను ముందే వెతకవలసినది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే కొన్ని రంగులు పూర్తిగా కరగక నలుసులై గుడ్డకు అతుక్కుంటాయి, సబ్బు కూడా జిడ్డుగా పేరుకుంటుంది.

సేఠ్ లోపలికి వెళ్లి తొమ్మిది దుపట్టాల మూట తెచ్చి అక్క ఒళ్లో పెట్టాడు. "ముందుగాల లేతరంగులు చేసి చూపియ్ అమ్మా. కండ్ల మాట గల్తీతోని అన్న."

"కండ్లకు ఏం గాలే సేఠ్. నీ అద్దాలే మార్పిచ్చుకో," అన్నది అక్క. ఆయన నవ్వాడు.

ఇప్పుడు రేకుల కింద ఒక నీలం డ్రమ్ము ఉంది. నల్లా వచ్చిన రోజు కోడలు ముందు బిందెలు, తరువాత ఆ డ్రమ్ము నింపుతుంది. లేతరంగులన్నీ ఆ నీళ్లతోనే. ముదురు రంగులకు, మొదటి ఉతుకులకు సంపు నీళ్లు సరిపోతున్నాయి. పెళ్లిళ్ల పనిలో సగం యాకుత్‌పురా నుంచి ఇంకా తిరిగి రాలేదు. మిగతా సగం వచ్చింది.

ఇదంతా అయ్యాక ఒక రోజు డ్రమ్ము మీద మూత పెడుతూ అక్క అడిగింది. "చెల్లె, మొదలు ఖరాబైన పెళ్లోళ్ల దుపట్టా ఉన్నది చూడు. గది నీళ్ల తప్పా, నా తప్పా?"

నీళ్లదేనని అనడం నాకు తేలిక. ఆమె కూడా అదే వినాలనుకుందని అనుకుంటాను. కానీ నా రెండో నివేదిక రెండో సీసా నింపిన రోజు నీళ్ల గురించే చెబుతుంది. ఆ దుపట్టా వేసిన రోజు సంపులో నల్లా నీళ్లెన్ని, బోరు నీళ్లెన్ని అన్నది ఎవరూ రాసి పెట్టలేదు. అదే బోరు ఏళ్లుగా ఉంది. అది ఆ ఎండాకాలమే కఠినమైందా, నల్లా తక్కువ వచ్చి దాని వాటా పెరిగిందా అన్నది తేలదు; అంతకుముందు ఎవరూ పరీక్ష చేయించలేదు కనుక పోల్చడానికి అంకె లేదు. పోనీ గుడ్డను చూద్దామంటే అదీ లేదు. చుక్కలు కనిపించకుండా సేఠ్ చెబితే అక్కే దాన్ని ముదురు మెరూన్‌లో మళ్లీ ముంచింది. అది ఎవరికో అమ్ముడుపోయింది.

"తెల్వదు అక్కా," అన్నాను.

ఆమె మూతను రెండు చేతులతో నొక్కి బిగించింది. "నువ్వు తెల్వదంటె మంచిదే," అన్నది. "నాడు తెలుసన్నవు."